నాలుక కింద చెంచా

వగ్దీ నోరు తెరిచాడు. అక్క ఇన్సాఫ్ చెంచా కాడతో నాలుక పైకెత్తి కింద చూసింది. కుడి బుగ్గ చూసింది, ఎడమ బుగ్గ చూసింది, పై దవడలో పన్ను ఊడిన సందు కూడా వదలకుండా చూసింది. మాత్ర ఎక్కడా లేదు. నిక్షేపంగా కడుపులోకి వెళ్ళిపోయింది.

"సరే, మూసుకో" అని చెంచా కడగడానికి వెళ్ళింది.

మధ్యాహ్నం భోజనమయ్యాక, టీ రాకముందు, ఆ ఇంట్లో రోజూ జరిగే తంతు ఇది. నలభై రెండేళ్ళ మనిషి, మీసంలో తెల్ల వెంట్రుకలు తొంగిచూస్తున్నవాడు, అక్క ముందు చంటిపిల్లాడిలా నోరు తెరుచుకుని కూర్చోవడం ఏం బాగుంటుంది? ఏమీ బాగుండదు. కానీ తప్పు తనదేనని వగ్దీకి తెలుసు కాబట్టి నోరెత్తకుండా నోరు తెరిచేవాడు.

నిరుడు ఎవరో డాక్టరు అతని స్కిజోఫ్రీనియాకి గట్టి మోతాదు రాశాడు. చెవిలో వినిపించే గొంతు తగ్గింది. దాంతోపాటు చెయ్యి వణకడం మొదలైంది. గుమాస్తా అయితే ఎలాగో సర్దుకునేవాడు. వగ్దీ చేసేది అలెగ్జాండ్రియాలో, అన్‌ఫూషీ రేవులో, చేపల పడవల మీద పేర్లు రాసే పని. కుంచె ఒక్క ఊపిరిలో లాగాలి, మధ్యలో చెయ్యి అదిరితే అది ఊరంతా చూస్తుంది. పడవల ఆసామి రయీస్ మెత్వల్లీ పడవకి 'ఫిర్దౌస్' అని ఆయన కూతురి పేరు రాశాడు. చలిజ్వరం వచ్చినట్టు ఉన్నాయి అక్షరాలు. ఆ పడవ రేవులోకి వచ్చినప్పుడల్లా కుర్రకారు "ఫిర్దౌస్‌కి దుప్పటి కప్పండిరా!" అని అరిచేవాళ్ళు. మెత్వల్లీ పళ్ళు కొరుక్కున్నాడు గానీ పాత స్నేహం కొద్దీ ఏమీ అనలేదు.

వగ్దీ మాత్రం ఆ నెల నుంచి మాత్రని నాలుక కింద దాచి, అక్క అటు తిరగగానే బాల్కనీలోని పూలకుండీలో ఉమ్మేశాడు. మూడు నెలలు. ఆ మొక్క ఎంత ప్రశాంతంగా పెరిగిందో చెప్పలేం. వగ్దీకి మాత్రం గొంతు తిరిగొచ్చింది. అది మామూలు గొంతు కాదు, పని తెలిసిన గొంతు, అక్షరాలకి వంకలు పెట్టేది. "వంకర, ఇదీ వంకరే" అని పొద్దస్తమానం చెవిలో పోరి, ఒక శుక్రవారం అతని చేత ఏడు పడవల పేర్లు గీకించేసింది. ఫిర్దౌస్ ఆ రోజు సముద్రంలో ఉంది కాబట్టి బతికిపోయింది. వగ్దీ అయిదు వారాలు వార్డులో ఉన్నాడు.

ఇంటికొచ్చిన రోజు నుంచే ఈ చెంచా.

వార్డులో ఉండగా ఒక మంచి జరిగింది. డాక్టర్ షెహాబ్ అని ముప్పై రెండేళ్ళ వాడు, జేబులో నాలుగు రంగుల పెన్నులతో తిరిగేవాడు, తన పరిశోధనలోకి వగ్దీని తీసుకున్నాడు. వేరే మందు, చిన్న మోతాదు. అరవై మంది రోగులు, సగం వార్డులోవాళ్ళు, సగం ఇళ్ళ నుంచి వచ్చిపోయేవాళ్ళు. మొదట్లో ఒకసారి రక్తం తీస్తారు, పది వారాలకి మళ్ళీ తీస్తారు.

"ఎందుకు డాక్టర్ బాషా?" అని వగ్దీ అప్పట్లో అడిగాడు. ఆ ఊళ్ళో మర్యాదగా పిలవాలంటే 'బాషా' తగిలిస్తారు.

"మెదడులో డోపమిన్ అని ఒక రసాయనం ఉంటుంది. నీకు కొన్నిచోట్ల అది ఎక్కువ పొంగుతుంది. మందు దానికి అడ్డుపడుతుంది. వాడేసిన డోపమిన్ తాలూకు పిప్పి రక్తంలోకి దిగుతుంది. మందు పనిచేస్తే కొన్ని వారాలకి ఆ పిప్పి తగ్గాలి. నేను దాన్నే కొలుస్తాను."

"అంటే చెత్తబుట్టలో టీ పిప్పి చూసి, ఆ ఇంట్లో ఎన్ని టీలు తాగారో చెప్పడమన్నమాట."

డాక్టర్‌కి ఆ మాట ఎంత నచ్చిందంటే, ఎర్ర పెన్నుతో నోట్సులో రాసుకున్నాడు.

మందు పనిచేసింది. గొంతు ముందు పక్కగదిలోకి మారింది, తర్వాత వీధిలోకి పోయింది, ఇప్పుడు ఎప్పుడైనా దూరం నుంచి ఒక దగ్గు దగ్గి ఊరుకుంటుంది. చెయ్యి రాయిలా నిలిచింది. వగ్దీ ఒక చెక్క మీద 'ఫిర్దౌస్' అని ఒక్క లాగుడులో రాసి మెత్వల్లీకి చూపించాడు. మెత్వల్లీ ఆ చెక్కని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు, తలకిందులుగా కూడా చూశాడు.

"చూడు ఉస్తా, కొత్త పడవ కట్టిస్తున్నాను" అన్నాడు చివరికి, పనిమంతుల్ని పిలిచే పిలుపుతోనే. "దాన్ని నీళ్ళలోకి దించేది వచ్చే శనివారం. శుక్రవారం నువ్వు పేరు రాయి. అది సరిగ్గా వచ్చిందా, పాతదాన్ని కూడా గీకి మళ్ళీ రాద్దువుగాని. వణికిందా, ఇంక నా పడవల దగ్గర నీ నీడ కనపడకూడదు. నా కూతురికి సంబంధాలు చూస్తున్నామయ్యా!"

వగ్దీకి ఆ వారమంతా కాళ్ళు నేల మీద ఆనలేదు.

పది వారాల రక్తం అప్పటికే ఇచ్చి వచ్చాడు. ఆదివారం పొద్దున ఫలితం చెబుతాం, ఇంకోసారి రక్తం తీస్తాం, పరగడుపున రమ్మన్నారు. వగ్దీ ఏడింటికల్లా పసుపు ట్రాములో దిగాడు. డాక్టర్ వచ్చేది పదిన్నరకి. తనలా వచ్చిన రోగులందరూ ఆసుపత్రి గేటు పక్కన పిట్టగోడ మీద ఎండకి వరసగా కూర్చున్నారు. గోడ కింద కాయలమ్మే ఉమ్మ్ ఖమీస్ బుట్ట దించుకుని కూర్చుంది. మార్చి నెల, బుట్టనిండా ఆ దేశపు చిక్కుడుకాయలు, పచ్చిగానే ఒలుచుకు తినేవి, బొటనవేలంత లావువి, లోపల దూది పరిచినట్టు ఉండేవి.

"తీసుకోండయ్యా, తీసుకోండి! ఊరికే కూర్చుంటే డాక్టరు తొందరగా వస్తాడా? నోరాడిస్తూ ఉండండి" అంది ఉమ్మ్ ఖమీస్.

కాయ ఒలిచినవాడు మొదటి గింజ తన నోట్లో వేసుకోకూడదు, పక్కవాడి అరచేతిలో పెట్టాలి. పక్కవాడు వద్దనకూడదు. అతను తిరిగి రెండు పెడతాడు. అలా పిట్టగోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా గింజలు చేతులు మారుతూనే ఉంటాయి, లోకంలోని కబుర్లన్నీ వాటితోపాటు తిరుగుతాయి. పదిన్నర అయ్యేసరికి గోడ కింద తొక్కలు చీలమండ దాకా పేరుకున్నాయి.

లోపల రక్తం తీసేది అఫ్కార్ మేడమ్. ఇరవై ఆరేళ్ళ సర్వీసు, ఆమె సూది గుచ్చితే దోమ కూడా సిగ్గుపడాలి. కాగితం చూసి అడగాల్సినవి అడిగింది.

"రాత్రి పది తర్వాత ఏమైనా తిన్నావా?"

"లేదు మేడమ్."

"టీ, కాఫీ, అరటిపండు?"

"వల్లాహి, దేవుడి తోడు, మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

ఆ మాట అబద్ధం కాదు. ఆ ఊళ్ళో రొట్టె తుంచితేనే తిండి. రొట్టె తుంచనిదేదీ తిండి కింద జమకాదు, అది కాలక్షేపం. వగ్దీ చొక్కా చెయ్యి మడుస్తుంటే జేబులోంచి ఒక చిక్కుడుకాయ జారి టేబుల్ మీద పడింది. అఫ్కార్ మేడమ్ దాన్ని చూసింది, ఒలిచింది, మొదటి గింజ వగ్దీ చేతిలో పెట్టి, రెండోది తన నోట్లో వేసుకుని, కాగితం మీద 'పరగడుపు' అన్నచోట టిక్కు పెట్టింది.

డాక్టర్ షెహాబ్ గదిలో గోడకి పెద్ద పటం ఉంది. నీలం చుక్కలు, ఎర్ర చుక్కలు. నీలానివి బుద్ధిగా కిందికి దిగుతున్నాయి. ఎర్రవి కొండెక్కుతున్నాయి.

"ఉస్తా వగ్దీ" అన్నాడు డాక్టర్. గొంతులో నిష్ఠూరం ఉంది. "నీతో నాకు స్నేహం ఉందనుకున్నాను."

"ఇప్పుడు పోయిందా?"

"నీ పిప్పి తగ్గలేదు. రెట్టింపయింది. చూడు, ఈ నీలం చుక్కలు వార్డులోవాళ్ళవి. నర్సు దగ్గరుండి మింగిస్తుంది, తగ్గింది. ఈ ఎర్రవి ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళవి. ఒక్కడిదీ తగ్గలేదు. దానర్థం ఏంటి?"

"ఏంటి?"

"మీరెవరూ మాత్రలు మింగడం లేదని."

వగ్దీకి మొహం వేడెక్కింది. "నేను మింగుతున్నాను డాక్టర్ బాషా. మా అక్కని అడగండి. రోజూ నోట్లో చెంచా పెట్టి వెతుకుతుంది. గొంతు కూడా లేదు ఇప్పుడు. నా చెయ్యి చూడండి" అని చెయ్యి చాపాడు. అది ఇసుమంత కూడా కదల్లేదు.

అక్కడే పొరపాటు చేశాడు. డాక్టర్ ఆ చేతిని చూసి తల ఊపాడు. "మందు పడుతుంటే ఇంత నిలకడగా ఎలా ఉంది? నిరుడు వణికిందిగా. పోయినేడాది కూడా మింగుతున్నాననే చెప్పావు, మూడు నెలలు. ఫైల్లో ఉంది."

ఫైల్లో ఉంది! ఇంక దాని మీద అప్పీలు లేదు. వగ్దీ బాగున్నానన్నా, నిద్రపడుతోందన్నా, ఆకలేస్తోందన్నా అవన్నీ గాలికి పోయే మాటలు, ఫైల్లో ఉన్నదొక్కటే నిజం. బాగుండటం కూడా అతని మీద నేరమైపోయింది. అతనికి ఒళ్ళు మండింది, వెంటనే భయం కూడా వేసింది, ఎందుకంటే అతనిలాంటివాడు కోప్పడితే దాన్ని కూడా ఫైల్లో రాస్తారు.

"ఇవాళ మళ్ళీ రక్తం ఇచ్చావుగా. గురువారం ఫలితం వస్తుంది" అన్నాడు డాక్టర్ కొంచెం మెత్తబడి. "అప్పటికీ ఇలాగే ఉంటే మాత్రల గొడవ వదిలేద్దాం. నెలకోసారి సూది, కాస్త పెద్ద మోతాదు. నీ మంచికే."

"సూదితో చెయ్యి వణుకుతుందా?"

"వణకచ్చు. దానికి వేరే మందు ఇస్తాం."

గురువారం సూది, శుక్రవారం పడవ. వగ్దీ వసారాలోకి వచ్చి అఫ్కార్ మేడమ్ టేబుల్ ముందు బెంచీ మీద కూలబడ్డాడు. ఆమె కూడా మండిపడుతూనే ఉంది.

"విన్నావా ఉస్తా? అయితే మీరు అబద్ధాలాడుతున్నారట, కాకపోతే నేను సీసాలు మార్చేస్తున్నానట! నేను! వాడు పలక పట్టుకున్నప్పటి నుంచి రక్తాలు తీస్తున్నాను. ఆ మిషను పాడైందేమోరా అంటే, కొత్త మిషను మేడమ్ అంటాడు. కొత్తదైతే? కొత్త కోడలు మాత్రం పాలు పొంగించదా?"

వగ్దీ తన చెయ్యి వంక చూసుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"మేడమ్, నా మాటకి విలువ లేదు. నిరుడు నేనే పోగొట్టుకున్నాను. గోడ మీద కూర్చున్నవాళ్ళ మాటకీ లేదు, వాళ్ళూ నా జాతే. మాటకి విలువ ఉన్న మనిషి రక్తం ఒకటి మిషనులో పెట్టి చూస్తే?"

"ఎవరిది?"

"మీది."

అఫ్కార్ మేడమ్ కుర్చీలోంచి లేచింది. మళ్ళీ కూర్చుంది. మొహంలోకి మెల్లగా నవ్వొచ్చింది.

"ఒరేయ్ వగ్దీ! నువ్వు పిచ్చివాడివి కాదురా, సైతానువి" అని ఎడమచేతికి తానే రబ్బరు పట్టీ బిగించుకుని, పళ్ళతో కొస లాగి, తన రక్తం తానే తీసుకుంది. పొద్దున్నించీ ఆవిడా రొట్టె తుంచలేదు. సీసా మీద అరవై ఒకటి అని నంబరు వేసి అందరి సీసాల మధ్యన పెట్టింది.

ఆ నాలుగు రోజులూ వగ్దీ సరిగ్గా తినలేదు. సోమవారం, మంగళవారం, బుధవారం చెంచా పరీక్ష మామూలే. డాక్టర్ అన్నమాట అక్కకి చెప్పకుండా ఉండలేకపోయాడు. ఇన్సాఫ్ విని, ఆ రోజు నుంచి టార్చిలైటు కూడా తెచ్చింది.

అది అతన్ని సూది కంటే ఎక్కువ బాధపెట్టింది. "అక్కా, నువ్వే కదా రోజూ చూస్తున్నావు? మింగుతున్నానని నీకు తెలీదా?"

"తెలుసో లేదో నాకే తెలీట్లేదు నాయనా" అంది ఇన్సాఫ్. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పోయినసారి కూడా చూశాననే అనుకున్నాను. పక్కవాళ్ళు మన కుండీలో మొక్క చూసి ఏం వేస్తున్నావమ్మా అని అడిగితే మురిసిపోయాను. నోరు తెరువు."

అతను నోరు తెరిచాడు.

గురువారం వగ్దీ వెళ్ళేసరికి డాక్టర్ గదిలో సూది సిద్ధంగా తెల్లగుడ్డ మీద పడుకుని ఉంది. డాక్టర్ మాత్రం దాని వంక చూడటం లేదు. కాగితం పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"అఫ్కార్ మేడమ్! ఈ అరవై ఒకటో నంబరు ఎవరు? నా దగ్గర ఉన్నదే అరవై మంది. ఈ మనిషిది చూడండి, వగ్దీ కంటే ఎక్కువుంది. ఇంత అంకె నేను పుస్తకాల్లో కూడా చూడలేదు. ఈ రోగి బయట తిరుగుతున్నాడా? వెంటనే వార్డులో చేర్చాలి!"

"చేర్చుకోండి డాక్టర్" అంది అఫ్కార్ మేడమ్, చేతులు కట్టుకుని. "కిటికీ పక్కన మంచం ఇవ్వండి. మా ఆయనకి కబురు చేసి రెండు జతల బట్టలు, నా చెప్పులు తెప్పిస్తాను."

డాక్టర్‌కి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో కూర్చున్నాడు.

"మీదా?"

"నాదే. సీసా నేను మార్చలేదు, మింగాల్సిన మాత్రలు నాకు లేవు, నా మెదడు మీ మెదడు కంటే బాగానే ఉంది. ఇప్పుడు చెప్పండి, మిషనుకి పిచ్చా, నాకా?"

"ఏమైనా తిన్నారా ఆ రోజు?"

"పరగడుపు!"

"ఏమీ తినలేదా?"

"మంచినీళ్ళు కూడా!"

డాక్టర్ తల పట్టుకున్నాడు. టేబుల్ మీద అఫ్కార్ మేడమ్ పళ్ళెం ఉంది, పొద్దున ఉమ్మ్ ఖమీస్ పంపిన చిక్కుడుకాయలతో. ఆలోచనలో ఉన్నవాడు చెయ్యి ఊరికే ఉండదు కదా, ఒక కాయ తీసుకుని ఒలిచాడు. మొదటి గింజ వగ్దీ అరచేతిలో పెట్టాడు. అంత కంగారులోనూ మర్యాద తప్పలేదు.

"వార్డులోవాళ్ళది తగ్గింది" అని గొణిగాడు. "వచ్చిపోయేవాళ్ళది పెరిగింది. మేడమ్‌ది పెరిగింది. వార్డులో లేనిది, బయట ఉన్నది ఏంటి? అదే మందు, అదే సూది, అదే మిషను..."

"వార్డులోవాళ్ళు గేటు దాకా రారు డాక్టర్ బాషా" అన్నాడు వగ్దీ. అయిదు వారాలు ఆ కిటికీ చువ్వల్లోంచి పిట్టగోడని చూసినవాడు కాబట్టి చెప్పగలిగాడు. "మేం గోడ మీద కూర్చుంటాం. వాళ్ళు కూర్చోరు."

"గోడ దగ్గర ఏముంది?"

"ఏముంటుంది? ఎండ, కబుర్లు, ఉమ్మ్ ఖమీస్."

డాక్టర్ చెయ్యి నోటికి జానెడు దూరంలో ఆగిపోయింది. వేళ్ళ మధ్య గింజ, పచ్చగా, నవనవలాడుతూ. దాన్ని చూశాడు, పళ్ళెం చూశాడు, కిటికీలోంచి గేటు వైపు చూశాడు. గోడ కింద తొక్కల గుట్ట ఎండలో మెరుస్తోంది.

"మీరు ఇవి... ఎన్ని తింటారు?"

"ఇవి తినడం ఏంటి డాక్టర్?" అంది అఫ్కార్ మేడమ్. "ఇది నోరాడించడం."

"ఎన్ని?"

"ఏమో. గంటకో కిలో?"

డాక్టర్ షెహాబ్ నవ్వడం మొదలుపెట్టాడు. ముందు చిన్నగా, తర్వాత పొట్ట పట్టుకుని, తర్వాత కళ్ళు తుడుచుకుంటూ. వగ్దీ, అఫ్కార్ మేడమ్ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిజంగా వార్డులో చేర్చాల్సింది ఎవరినో వాళ్ళకి అప్పుడు అనుమానం వచ్చింది.

"కాలేజీలో మాకో ముసలి ప్రొఫెసర్ ఉండేవారు" అన్నాడు డాక్టర్ ఊపిరి తీసుకుని. "వణుకుడు జబ్బు వాళ్ళని చూసేవారు. వాళ్ళకి మెదడులో డోపమిన్ సరిపోదు. పచ్చి చిక్కుళ్ళ కాలం వస్తే వాళ్ళ చేతులు కాస్త తేలికవుతాయర్రా అని చెప్పేవారు. ఎందుకంటే ఈ గింజల్లో డోపమిన్‌కి ముడిసరుకు ఉంది. మామూలు ముడిసరుకు కాదు, ఆ జబ్బుకి మాత్రల్లో పెట్టి ఇచ్చేది ఇదే. తింటే ఒంట్లో డోపమిన్ అవుతుంది, దాని పిప్పి రక్తంలోకి దిగుతుంది. నేను మొదటి రక్తాలు చలికాలంలో తీశాను. అప్పుడు చిక్కుళ్ళు లేవు. రెండోసారి ఇప్పుడు తీశాను..."

"అంటే మా చెత్తబుట్టలో ఉమ్మ్ ఖమీస్ టీ పిప్పి పోసిందన్నమాట" అన్నాడు వగ్దీ.

"బుట్టలతో పోసింది!" అని డాక్టర్ లేచి గోడ మీది పటం దగ్గరికి వెళ్ళాడు. నవ్వు పోయింది. ఆ ఎర్ర చుక్కలన్నీ ఇంక పనికిరావు. ముప్పై మందికీ మళ్ళీ తీయాలి, మూడు రోజులు చిక్కుడు ముట్టకుండా, అలెగ్జాండ్రియాలో, మార్చి నెలలో! పాపం, ఆ మొహం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. కానీ వగ్దీకి అప్పుడు జాలి రాలేదు. సూది ఇంకా తెల్లగుడ్డ మీదే ఉంది.

"డాక్టర్ బాషా, మరి నేను?"

డాక్టర్ వెనక్కి తిరిగాడు. సూదిని చూశాడు, వగ్దీ చేతిని చూశాడు. మెల్లగా వచ్చి ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడు.

"నువ్వు మొదటి రోజే చెప్పావు, మింగుతున్నానని. గొంతు లేదన్నావు, చెయ్యి చూపించావు. అవేవీ నేను లెక్కలోకి తీసుకోలేదు. రక్తం మాట విన్నాను. నీ మాట వినలేదు. తప్పు నాది ఉస్తా. ఆ మాత్రలే వాడు. చిక్కుళ్ళు కూడా కాస్త చూసుకో, నీ మందు ఒకవైపు లాగుతుంటే అవి ఇంకోవైపు లాగుతాయి. గుప్పెడు చాలు, బుట్ట వద్దు."

పదకొండేళ్ళ నుంచి డాక్టర్లని చూస్తున్నాడు వగ్దీ, తప్పు నాది అన్నవాడు ఒక్కడూ తగల్లేదు. ఏదో అనబోయి, అది కాక ఇంకోటి అన్నాడు.

"రాసివ్వండి."

"ఏంటి?"

"మింగుతున్నాడు, నిజం చెప్పాడు అని. ఫైల్లో ఒకటి, నా చేతికొకటి. ముద్ర వేసి."

"ముద్రా? నేను సంతకం పెడతాను, చాలదా?"

"మా ఇన్సాఫ్ అక్క మీకు తెలీదు" అన్నాడు వగ్దీ. "సర్కారు గద్ద ముద్ర లేకపోతే అది కాగితమే కాదు."

గద్ద ముద్ర కింద అంతస్తులో గుమాస్తా బీరువాలో ఉంటుంది. అతను దాన్ని సొంత కూతురి కంటే జాగ్రత్తగా కాపాడతాడు. నిజం చెప్పాడని సర్కారు ముద్ర వేయడానికి ఏ రూలూ లేదని మొరాయించాడు. అఫ్కార్ మేడమ్ మెట్లు దిగి వెళ్ళింది. ఏం మాట్లాడిందో తెలీదు గానీ, అయిదు నిమిషాల్లో కాగితం మీద గద్ద రెక్కలు విప్పుకుని వచ్చింది.

వగ్దీ ఇంటికెళ్ళి కాగితం ఇన్సాఫ్ చేతిలో పెట్టాడు. ఆమె కళ్ళజోడు పెట్టుకుని చదివింది. "వగ్దీ మాత్రలు క్రమంగా మింగుతున్నాడు. అడిగినదానికి నిజం చెప్పాడు." ముద్రని వేలితో తడిమింది. మడిచి, చనిపోయిన తల్లి ఫొటో ఉన్న సొరుగులో పెట్టి తాళం వేసింది. ఆ పూట ఆసుపత్రిలో ఆలస్యమై మాత్ర అఫ్కార్ మేడమ్ ముందే మింగేశాడు కాబట్టి చెంచా ప్రసక్తి రాలేదు.

శుక్రవారం నమాజు అయ్యాక రేవులో కొత్త పడవ ముందు జనం మూగారు. చెక్క మీద అక్షరం చూసినవాళ్ళు కొందరు, దుప్పటి జోకు కోసం వచ్చినవాళ్ళు ఎక్కువ. వగ్దీ నీలం రంగు కలిపాడు, కుంచె ముంచాడు, ఊపిరి బిగబట్టాడు. దూరంగా ఎక్కడో గొంతు ఒకసారి దగ్గింది. దగ్గనీ అనుకుని లాగాడు. అక్షరం తోక చివర గాలికి విచ్చుకున్న తెరచాపలా తిరిగి నిలిచింది. దుప్పటి మాట ఎవరూ ఎత్తలేదు. రయీస్ మెత్వల్లీ దగ్గరగా వచ్చి చూసి, వెనక్కి నడిచి చూసి, "రేపు ఫిర్దౌస్‌ని కూడా ఒడ్డుకి లాగండ్రా" అని కుర్రాళ్ళ మీద కేకలేశాడు.

వగ్దీ వేళ్ళకి నీలం రంగుతో ఇంటికొచ్చాడు. వేయించిన చేపలు, అన్నం, ఆకుకూర, అంతా తిన్నాడు, మళ్ళీ పెట్టించుకుని తిన్నాడు. ఇన్సాఫ్ మాత్ర, గ్లాసుతో నీళ్ళు తెచ్చి పళ్ళెం పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అతను మాత్ర మింగాడు. తల వెనక్కి వాల్చి, నాలుక పైకెత్తి, నోరు బార్లా తెరుచుకుని కూర్చున్నాడు.

ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. మెడ పట్టేసింది. చివరికి ఇన్సాఫ్ రెండు టీ గ్లాసులతో వచ్చి, గుమ్మంలో ఆగి, అతన్ని చూసింది.

"ఏంట్రా అది? నోరు మూసుకో, ఈగలు దూరతాయి" అంది.

గ్లాసులు కింద పెట్టి, చెంచా తీసి, అతని టీలో మూడు చెంచాల పంచదార వేసి కలపడం మొదలుపెట్టింది. గ్లాసు గలగలమంటోంది. వగ్దీ నోరు మూసుకున్నాడు. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు ఆగలేదు.